మూడు పిస్టన్ల ట్యూబాకి ఏ స్టడీ పుస్తకం? పేరు కంటే ముందు చూడాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. వాద్యం మూడు పిస్టన్ల (వేళ్లతో నొక్కే మీటల) డబుల్ బి ఫ్లాట్ ట్యూబా, అంటే బ్యాండ్‌లో అన్నిటికంటే కింది స్వరాలు పలికే పెద్ద ఇత్తడి వాద్యం. రెండేళ్లుగా బ్యాండ్‌లో బేస్ పార్టు వాయిస్తున్నారు, బేస్ క్లెఫ్ (కింది స్వరాలు రాసే గుర్తు) చదవడం వచ్చు, రోజుకి ముప్పావు గంట సాధన కుదురుతుంది. స్టడీల (సాధన కోసం రాసిన చిన్న రచనల) పుస్తకం ఏదని నలుగురిని అడిగితే నాలుగు పేర్లు వచ్చాయి: ఆర్బన్, కోప్రాష్, బోర్డోన్యి, బ్లాజెవిచ్. నాలుగూ కొనే వీలు లేదు. ఏది ముందు, ఏది తరవాత, ఏది ఇప్పుడు వద్దు?

నాలుగూ మంచివే. కానీ వాటిలో ట్యూబా కోసమే రాసింది ఒక్కటే. ఆర్బన్ పుస్తకం 1864లో పారిస్‌లో కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న వాద్యం), సాక్స్‌హార్న్ వాయించేవాళ్ల కోసం వచ్చింది. కోప్రాష్‌వి 1830ల నాటి హార్న్ స్టడీలు. బోర్డోన్యి (1789–1856) అసలు గాయకుడు, టెనర్. ఆయనవి గొంతు సాధన కోసం రాసిన పాఠాలు. బ్లాజెవిచ్ మాస్కోలో ట్రోంబోన్ గురువే అయినా ఆయన 70 స్టడీలు మాత్రం నేరుగా ట్యూబా కోసం రాసినవి. 1835లో బెర్లిన్‌లో పేటెంట్ అయిన వాద్యం ట్యూబా, ఇత్తడి కుటుంబంలో వయసుకి చిన్నది. దాని చేతికి వచ్చిన పుస్తకాల్లో చాలా భాగం అన్నలూ అక్కలూ వాడి ఇచ్చినవే. ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు కదా, ఇక్కడ ఆ బరువు మూడు చోట్ల పడుతుంది: పుస్తకం ఎంత కిందికి దిగుతుంది, ఏ క్లెఫ్‌లో ఉంది, ఒక్కో ఫ్రేజుకి (సంగీత వాక్యానికి) ఎంత ఊపిరి అడుగుతుంది. ఈ మూడూ మీ వాద్యానికీ మీ ఛాతీకీ సరిపోయాకే రచయిత పేరు చూడాలి.

ముందు అడుగు స్వరం, అంటే వాద్యం పలకగల అన్నిటికంటే కింది స్వరం సంగతి. ఇది కొట్లో నిలబడి, పేజీలు తిప్పుతూ తేల్చుకోగలిగిన విషయం. బేస్ క్లెఫ్‌లో ఐదు గీతల కిందికి దిగే చిన్న లెడ్జర్ గీతలు లెక్కపెట్టండి. రెండో లెడ్జర్ గీత కింద వేలాడేది మీ బి ఫ్లాట్, పిస్టన్ ఏదీ నొక్కక్కర్లేదు. మూడో గీత మీద ఎ, దాని కింద జి, నాలుగో గీత మీద ఎఫ్, దాని కింద వేలాడేది ఇ. ఎఫ్‌కి ఒకటీ మూడూ నొక్కుతారు, ఇ కి మూడూ నొక్కుతారు. అక్కడితో మీ మెట్లు అయిపోయాయి. ఇ ఫ్లాట్ నుంచి బి నేచురల్ దాకా ఐదు స్వరాలు మూడు పిస్టన్ల ట్యూబాలో సరైన వేళ్లతో రావు. పెదాలు వదులు చేసి ఏదో ఒక మోత తెప్పించవచ్చు గానీ దాన్ని సాధన అనలేం. కాబట్టి పేజీలో ఐదో లెడ్జర్ గీత మాటిమాటికీ కనిపిస్తే, లేదా నాలుగో గీత కింద ఇ ఫ్లాట్లు వరసగా ఉంటే, ఆ పుస్తకం నాలుగు పిస్టన్ల వాళ్లది. ఎంత పేరున్నా పక్కన పెట్టండి. ఫిల్ స్నెడెకర్ రాసిన లో ఎట్యూడ్స్ లాంటివి ఈ కోవలోకే వస్తాయి. పుస్తకం గొప్పదే, కాని నాలుగో పిస్టన్ లేకుండా దాని అసలు పని జరగదు.

మీ బ్యాండ్‌లో ఇ ఫ్లాట్ బేస్ (కాస్త చిన్న ట్యూబా) వాయించేవాళ్లు ఉంటే వాళ్ల లెక్క వేరు. మూడు పిస్టన్లతో వాళ్ల అడుగు మూడో లెడ్జర్ గీత మీది ఎ. మీకు హాయిగా వచ్చే ఎ ఫ్లాట్, జి వాళ్లకి లేవు. ఒకే పుస్తకం ఇద్దరూ పంచుకుని కొనాలనుకుంటే ముందు ఇది చూసుకోవాలి.

అడుగు స్వరం ఉన్నంత మాత్రాన శ్రుతిలో ఉంటుందని కూడా కాదు. పిస్టన్లు ఒక్కొక్కటిగా నొక్కితే గొట్టం సరైన పొడవు వచ్చేలా కొలిచి పెడతారు. రెండు మూడు కలిపి నొక్కినప్పుడు గొట్టం మొత్తం ఇంకా పొడవు కావాలి, కాని అదనంగా చేరేది మాత్రం ఆ పాత కొలతే. లెక్కగట్టి చూస్తే ఒకటీ మూడూ కలిపినప్పుడు స్వరం సుమారు 30 సెంట్లు ఎక్కువ పలుకుతుంది, మూడూ కలిపితే 50 సెంట్లు దాటుతుంది. అరస్వరానికి నూరు సెంట్లు కాబట్టి అది అరస్వరంలో సగం. డబుల్ బి ఫ్లాట్ గొట్టం పొడవు సుమారు 18 అడుగులు. మూడు పిస్టన్లూ నొక్కినప్పుడు దాదాపు 9 అంగుళాల గొట్టం తక్కువ పడుతోందన్న మాట. మూడో పిస్టన్ స్లైడ్ (గొట్టం పొడవు పెంచడానికి లాగే భాగం) కాస్త బయటికి లాగి పెట్టుకుంటే ఈ తేడా తగ్గుతుంది. అలా లాగాక జి ని మూడో పిస్టన్ ఒక్కదానితో వాయించకండి, కిందికి జారుతుంది. ఒకటీ రెండూ వాడండి.

దీనికీ పుస్తకానికీ సంబంధం ఏమిటంటే, కింది ఎఫ్, ఇ స్వరాల చుట్టూనే తిరిగే స్టడీలను మూడు పిస్టన్ల వాద్యం మీద నెలల తరబడి సాధన చేస్తే వేళ్లు బాగుపడతాయి, చెవి పాడవుతుంది. ఎక్కువ శ్రుతి ఉన్న ఎఫ్ కే చెవి అలవాటు పడిపోతుంది. అందుకని మీరు ఎంచుకునే పుస్తకంలో ఆ రెండు స్వరాలూ దాటి వెళ్లే మెట్లుగా ఉండాలి, ఆగి కూర్చునే చోట్లుగా ఉండకూడదు. పరీక్షించుకోవడానికి ఫోన్‌లో శ్రుతిపెట్టె యాప్ చాలు. బి ఫ్లాట్ అంటే మన లెక్కలో ఆరున్నర శ్రుతి. స, ప పెట్టి, కింది ఎఫ్ మెల్లగా ఊదండి. ఆ పంచమంతో మీ ఎఫ్ కలిస్తే శబ్దం నిలకడగా నిలుస్తుంది. కలవకపోతే 'వావ్ వావ్' మని అలలు వినిపిస్తాయి. స్లైడ్ లాగుతూ ఆ అలలు నెమ్మదించే చోటు చూసి పెన్సిల్‌తో స్లైడ్ మీద గుర్తు పెట్టుకోండి.

రెండోది క్లెఫ్. మీరు బేస్ క్లెఫ్ చదువుతారు కాబట్టి సగం తలనొప్పి లేనట్టే, అయినా అట్ట మీద మాటలు చూసి పొరపడేవాళ్లు చాలామంది. 'ట్యూబా ఇన్ సి, బి.సి.' అని ఉంటే అది సి ట్యూబా పుస్తకం కాదు. బేస్ క్లెఫ్‌లో, పలికే ఎత్తులోనే రాశారని అర్థం. మీ బి ఫ్లాట్ ట్యూబాకి చక్కగా పనికొస్తుంది. 'ఇ ఫ్లాట్ బేస్, టి.సి.' అని ఉంటే ట్రెబుల్ క్లెఫ్ (పై స్వరాలు రాసే గుర్తు), ట్రాన్స్‌పోజ్ చేసిన, అంటే పలికే ఎత్తులో కాకుండా వేరే ఎత్తులో రాసిన పార్టు. అది మీది కాదు. 'ఇ ఫ్లాట్ ఆర్ డబుల్ బి ఫ్లాట్ బేస్' అని ఉండే రూబ్యాంక్ పద్ధతి పుస్తకాల్లాంటివి బేస్ క్లెఫ్‌లోనే ఉంటాయి, రెండు వాద్యాలకీ ఒకటే పుస్తకం, వేళ్ల పట్టికలు మాత్రం వేరు. పట్టికలో మీ వరస ఏదో మొదటి రోజే గీత గీసి పెట్టుకోండి. పక్క వరస చూసి వారం రోజులు తప్పు వేళ్లతో సాధన చేసేవాళ్లు ఉంటారు.

ట్రెబుల్ క్లెఫ్ మాత్రమే వచ్చినవాళ్లకి ఇక్కడ రెండు మంచి సంగతులు ఉన్నాయి, మీ తోటివాళ్లకి చెప్పండి. బ్రాస్ బ్యాండ్ పద్ధతిలో ట్రెబుల్ క్లెఫ్ ట్యూబా వేళ్లూ కార్నెట్ వేళ్లూ ఒకటే. అంటే కార్నెట్ కోసం అచ్చైన ఆర్బన్ పాత ప్రతిని ఉన్నది ఉన్నట్టు చదువుకోవచ్చు, స్వరాలు వాటంతట అవే కింది ఆక్టేవుల్లో పలుకుతాయి. రెండోది ఇ ఫ్లాట్ బేస్ వాళ్లకే. బేస్ క్లెఫ్ పేజీని ట్రెబుల్ క్లెఫ్ అనుకుని చదివి, కీ సిగ్నేచర్‌లో (వరస మొదట్లో ఉండే ఫ్లాట్, షార్ప్ గుర్తుల్లో) మూడు ఫ్లాట్లు తీసేస్తే, ఫ్లాట్లు లేకపోతే మూడు షార్పులు కలిపితే, సరైన స్వరమే వస్తుంది. మూడు ఫ్లాట్ల పేజీ వాళ్లకి ఏ గుర్తూ లేని సి మేజర్ అవుతుంది. మధ్యలో విడిగా వచ్చే గుర్తుల దగ్గర మాత్రం జాగ్రత్త. బేస్ క్లెఫ్ లెక్కలో బి, ఇ, ఎ అయ్యే స్వరాల పక్కన నేచురల్ ఉంటే దాన్ని షార్ప్‌గా, ఫ్లాట్ ఉంటే నేచురల్‌గా చదవాలి. మిగతా స్వరాల పక్కన ఉన్నవి ఉన్నట్టే.

మూడోది ఊపిరి. పుస్తకాల ఎంపికలో అందరూ వదిలేసేది ఇదే, ట్యూబా వాళ్లను ఎక్కువగా దెబ్బతీసేదీ ఇదే. కార్నెట్ మౌత్‌పీస్‌లోకి వెళ్లే గాలికీ ట్యూబాలోకి వెళ్లే గాలికీ పోలిక లేదు. కార్నెట్ వాళ్లు ఒక్క దమ్ములో దాటే ఫ్రేజు ట్యూబాలో రెండు మూడు దమ్ములు అడుగుతుంది. మీ లెక్క మీరే తేల్చుకోండి. మెట్రోనోమ్ 60 మీద పెట్టి, రెండో లెడ్జర్ గీత కింది బి ఫ్లాట్‌ని మరీ గట్టిగా కాకుండా మరీ మెల్లగా కాకుండా ఊదండి. శబ్దం వణకకుండా, పలచబడకుండా ఎన్ని బీట్లు నిలిచిందో అన్ని సెకన్లు మీ దమ్ము. మూడు రోజులు చూసి సగటు తీసుకోండి. ఎనిమిది వచ్చిందనుకుందాం, అందులో రెండు సెకన్లు నిలవ ఉంచుకోవాలి, కాబట్టి సాధనకి మీ కొలత ఆరు. ఛాతీ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఊదితే చివరి స్వరం శ్రుతి తప్పుతుంది, తరవాతి ఊపిరి ఉలిక్కిపడినట్టు లోపలికి వస్తుంది.

ఇప్పుడు స్టడీ తెరిచి ఒక ఫ్రేజు చూడండి. నాలుగు బీట్ల బార్లు నాలుగు, వేగం 72 అనుకుంటే పదహారు బీట్లు. పదహారుని అరవైతో గుణించి 72 తో భాగిస్తే 13 సెకన్లకి కాస్త ఎక్కువ. మీ ఆరు సెకన్ల కొలతకి అది మూడు ముక్కలవుతుంది. మూడు ముక్కలుగా తెంపినా పాట అర్థం చెడకపోతే ఆ స్టడీ మీకు పనికొస్తుంది. ఎక్కడ తెంపినా పదం విరిగినట్టు ఉంటే ఇప్పుడు వద్దు, ఆరు నెలల తరవాత చూద్దాం.

తెంపడంలోనూ పద్ధతి ఉంది. పొడుగు స్వరం తరవాత పొట్టివి వస్తుంటే, ఆ పొడుగు స్వరం తోక కత్తిరించి అక్కడ ఊపిరి తీసుకోండి. తరవాతి స్వరం మాత్రం తన టైముకే రావాలి. బార్ గీత కనిపించింది కదా అని అక్కడ ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకోకండి. సంగతి చాలాసార్లు ఆ గీత దాటి మొదటి బీట్ మీద ముగుస్తుంది, గీత దగ్గర తెంపితే వాక్యంలో చివరి మాట మింగినట్టు అవుతుంది. అసలు విరామమే లేకుండా పరిగెత్తే స్టడీల్లో, కోప్రాష్‌వి చాలా భాగం అలాంటివే, ఒక స్వరం వదిలేయక తప్పదు. బలమైన బీట్ మీది స్వరం వాయించి, దాని వెంటనే ఉన్న చిన్న స్వరం వదిలేసి, ఆ జాగాలో గాలి పీల్చుకోండి. ఎక్కడెక్కడ అన్నది మొదటి రోజే పెన్సిల్‌తో కామా పెట్టి, రోజూ అక్కడే తీసుకోండి. రోజుకో చోట ఊపిరి తీసుకుంటే స్టడీ ఎప్పటికీ కుదురుకోదు.

ఇక స్థాయి. సరళీ వరుసలు, జంట స్వరాలు నిలబడకుండా వర్ణం పట్టుకుంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. తెలుసుకోవడానికి సులువు పరీక్ష: పుస్తకంలో మొదటి పావు భాగంలో ఏదో ఒక పేజీ తెరిచి, రాసిన వేగంలో సగం పెట్టుకుని, ముందు చూడకుండా పదహారు బార్లు వాయించండి. నాలుగుసార్ల కంటే ఎక్కువ ఆగారంటే పుస్తకం ఇంకా బరువు. ఒక్కసారి కూడా ఆగకపోతే అది చూసి చదివే సాధనకి పనికొస్తుంది, స్టడీగా కాదు. రెండు మూడుసార్లు తడబడితే అదే మీ పుస్తకం. స్థాయికి మించిన పుస్తకం పట్టుకున్నవాళ్లని చూడగానే పోల్చవచ్చు: పై స్వరాలకి మౌత్‌పీస్‌ని పెదాల మీద ఒత్తిపెడతారు, పెదవి మూలలు వదులైపోతాయి, బుగ్గలు ఉబ్బుతాయి, పావుగంటకే శబ్దంలో గాలి చప్పుడు చేరుతుంది. అవి అలవాటైతే వదిలించుకోవడానికి సంవత్సరం పడుతుంది. పుస్తకం కింద స్థాయిదే తీసుకుని ఆర్నెల్లలో ముగించడం ఎంతో మేలు.

ఈ మూడు కొలతలూ, స్థాయీ కలిపి చూసి మీ విషయానికి వస్తే నా క్రమం ఇది.

బ్యాండ్ పార్టులు మాత్రమే వాయించి, పద్ధతి పుస్తకం ఏదీ ముగించనివాళ్లు ముందు రాబర్ట్ గెచెల్ ప్రాక్టికల్ స్టడీస్ మొదటి భాగం తీసుకోవాలి. ఒక్కో పాఠం చిన్నది, ఒక్కో పాఠంలో ఒకే చిక్కు. మార్చింగ్ పార్టుల్లో ఒకటో బీట్, మూడో బీట్ కొట్టీ కొట్టీ లయ మొద్దుబారిన చేతికి ఇది మందు. అరబీట్ విరామాలు, చుక్క స్వరాలు, ఆరు ఎనిమిదుల లయ అన్నీ క్రమంగా వస్తాయి. రూబ్యాంక్ ఇంటర్మీడియట్ మీ దగ్గర ఇప్పటికే ఉంటే గెచెల్ కొనక్కర్లేదు, రెండూ దాదాపు అదే పని చేస్తాయి. వారానికి రెండు పాఠాల చొప్పున వెళ్లండి.

దానితో పాటే, తరవాత కాదు, బోర్డోన్యి మొదలుపెట్టాలి. ఒక్క పుస్తకమే కొనగలను అంటే ఇదే కొనండి అంటాను. ట్యూబా వాయించేవాళ్లకి అన్నిటికంటే కొరవడేది పాట. బ్యాండ్‌లో మనకి పాట పార్టు రాదు కదా. షికాగో సింఫనీలో 1944 నుంచి 1988 దాకా ట్యూబా వాయించిన ఆర్నాల్డ్ జేకబ్స్ బోధనంతా పాట, గాలి అన్న రెండు మాటల చుట్టూ తిరిగింది: మనసులో పాట స్పష్టంగా ఉంటే పెదాలు, నాలుక తమ పని తామే వెతుక్కుంటాయి. బోర్డోన్యి స్టడీల్లో ఆ పాట సిద్ధంగా ఉంది, మనం గాలి పోస్తే చాలు.

ఇవి రెండు రూపాల్లో దొరుకుతాయి. ఒకటి, చెస్టర్ రాబర్ట్స్ ట్యూబా కోసం కూర్చిన 43 బెల్ కాంటో స్టడీలు; ట్యూబా ఎత్తులోనే, లెడ్జర్ గీతలతో అచ్చయ్యాయి. రెండు, జొహానెస్ రోషూ 1928లో ట్రోంబోన్ కోసం కూర్చిన మెలోడియస్ ఎట్యూడ్స్. మూడు భాగాల్లో 120, మొదటి భాగంలో అరవై. ట్రోంబోన్ ప్రతిని మీరు ఒక ఆక్టేవ్ కిందికి దించి వాయించాలి. అది ఎంత చక్కగా కుదురుతుందో చూడండి: ట్రిగ్గర్ (అదనపు గొట్టం తెరిచే మీట) లేని మామూలు ట్రోంబోన్ అడుగు స్వరం ఇ, మీ మూడు పిస్టన్ల ట్యూబా అడుగు స్వరం సరిగ్గా దానికి ఒక ఆక్టేవ్ కింది ఇ. ట్రోంబోన్ స్లైడ్‌కి ఏడు స్థానాలు, మీ మూడు పిస్టన్ల కలయికలకీ పొడవులు ఏడే. కాబట్టి మామూలు ట్రోంబోన్ కోసం రాసింది ఏదైనా ఆక్టేవ్ దించితే మీకు అడుగు తగలదు. యుఫోనియం వాయించే స్నేహితుడితో కలిసి ఒకే పుస్తకం వాడుకోవచ్చు, వేళ్లూ ఒకటే.

కానీ రోషూ ఒక్కటే వాడితే ఒక నష్టం ఉంది. ఎప్పుడూ ఐదు గీతల మధ్య ఉన్న స్వరాన్ని చూసి కింద వాయించడం అలవాటై, నిజంగా మూడో లెడ్జర్ గీత, నాలుగో లెడ్జర్ గీత ఎదురైనప్పుడు కన్ను తడబడుతుంది. బ్యాండ్ పార్టులో అది ఎదురయ్యేది హడావుడిలోనే. అందుకే రోషూ ఉన్నవాళ్లు వారానికి ఒక స్టడీ మొదటి ఎనిమిది బార్లు ఒక ఆక్టేవ్ కింద, లెడ్జర్ గీతలతో తమ చేత్తో రాసుకోవాలి. పది నిమిషాల పని. కొత్తగా కొనేవాళ్లు రాబర్ట్స్ ప్రతి తీసుకుంటే ఈ గొడవ లేదు.

సాధన చేసే తీరు: మొదటి రోజు వాద్యం పట్టుకోకండి. శ్రుతి పెట్టుకుని, సరిగమల్లోనో లాలాల్లోనో మొత్తం పాడండి, గొంతుకి అందే ఆక్టేవ్‌లో. ఫ్రేజు ఎక్కడ పైకెళ్లి ఎక్కడ దిగుతుందో పాడితేనే తెలుస్తుంది, కామాలు కూడా అప్పుడే పెట్టండి. రెండో రోజు మౌత్‌పీస్ మీద మొదటి పదహారు బార్లు. మూడో రోజు వాద్యం మీద, మొత్తం స్లర్ (స్వరాల మధ్య నాలుక తగలకుండా కలిపి వాయించడం), వేగం 60. గమకం అలవాటు ఉన్న చెవికి స్వరం నుంచి స్వరానికి జారాలనిపిస్తుంది. ఇక్కడ అది వద్దు. గాలి ఆగకూడదు, పిస్టన్ మాత్రం ఠక్కున పడాలి. పిస్టన్‌ని నెమ్మదిగా నొక్కితే రెండు స్వరాల మధ్య మూడో స్వరం మసకగా వినిపిస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసి వినండి, వాయిస్తున్నప్పుడు అది చెవికి అందదు.

గెచెల్ ముగిసి, బోర్డోన్యి పది పన్నెండు అయ్యాక కోప్రాష్. అరవై స్టడీలు, రాబర్ట్ కింగ్ ప్రచురణలో ట్యూబా ప్రతి ఉంది. ఒక్కో స్టడీ సాధారణంగా ఒకే పట్టుని మొదటి నుంచి చివరిదాకా తిప్పుతుంది. మన అలంకారాలు గుర్తొస్తాయి. వేళ్లూ నాలుకా ఒకేసారి పడేలా చేయడంలో దీనికి సాటి లేదు. కానీ దీన్నే ముందు పట్టుకోవడం వల్ల ట్యూబా వాళ్లు ఎక్కువగా చెడతారు. విరామాలు తక్కువ, స్వరాలు ఎక్కువ, పాట తక్కువ. ఊపిరి నిర్వహణ రాకముందు పట్టుకుంటే పై ఛాతీతో చిన్న చిన్న దమ్ములు లాక్కోవడం నేర్పుతుంది. మొదలుపెట్టినప్పుడు ఒక స్టడీకి రెండు వారాలు ఇవ్వండి: 60 దగ్గర మొదలు, మూడుసార్లు వరసగా తప్పు లేకుండా వస్తేనే 4 పెంచాలి, తప్పు వస్తే 8 తగ్గాలి. మొదటి వారం అన్నీ నాలుకతో, రెండో వారం రెండు స్లర్ రెండు టంగ్. ప్రతి స్టడీని అచ్చైన వేగానికి తేవాలనే పట్టుదల వద్దు. ఆ వేగాలు చిన్న వాద్యాలవి. ట్యూబాలో స్వరం విచ్చుకోవడానికి పట్టే కాస్త సమయం అందులో లేదు. ప్రతి స్వరానికీ మొదలూ చివరా స్పష్టంగా వినిపించే వేగమే మీ వేగం.

బ్లాజెవిచ్ ఇంకో ఏడాది ఆగనివ్వండి. ట్యూబా కోసమే రాసినది కదా అని ముందే కొంటారు, కొన్నాక పది పేజీల దగ్గర ఆగిపోతుంది. అందులో లయలు మారతాయి, క్రోమాటిక్ స్వరాలు (అరస్వరం చొప్పున కదిలేవి) వరసగా వస్తాయి, కింది భాగం బరువుగా ఉంటుంది. కొన్ని స్టడీలకి నాలుగో పిస్టన్ ఉంటేనే న్యాయం జరుగుతుంది. అక్కడికి చేరడానికి మధ్యలో మెట్టు కావాలంటే టైరెల్ రాసిన డబుల్ బి ఫ్లాట్ బేస్ స్టడీలు, నలభై ఉన్నాయి. మీ వాద్యం పేరే అట్ట మీద ఉన్న అరుదైన పుస్తకం, పేరు 'అడ్వాన్స్‌డ్' కాబట్టి పైన చెప్పిన పదహారు బార్ల పరీక్ష పెట్టాకే తీసుకోండి. కోప్రాష్ సగం అయినవాళ్లకి సరిగ్గా సరిపోతుంది.

ఆర్బన్ సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వాయించే పుస్తకంగా చూడకూడదు. అది వంటింటి అల్మరా లాంటిది, కావాల్సినప్పుడు కావాల్సిన డబ్బా తీసుకోవాలి. మీకు ఇప్పుడు కావాల్సినవి రెండు: స్కేళ్ల భాగం, ఫ్రేజింగ్ కోసం ఇచ్చిన 150 చిన్న పాటలు. ఆ పాటల్లో చాలా వాటిలో ఫ్రేజులు పొట్టివి, ట్యూబా దమ్ముకి అందుతాయి, రోజుకొకటి చూసి చదవడానికి బాగుంటాయి. డబుల్ టంగింగ్, ట్రిపుల్ టంగింగ్ (నాలుకతో వేగంగా రెండేసి, మూడేసి స్వరాలు కొట్టడం) భాగాలు కోప్రాష్ తరవాత. చివర ఉన్న పద్నాలుగు క్యారెక్టరిస్టిక్ స్టడీలు, పన్నెండు ఫాంటసీలు కార్నెట్ విద్వాంసుల కోసం. వాటి కోసం ఈ పుస్తకం కొనకండి. బేస్ క్లెఫ్‌లో ట్యూబా ప్రతి కావాలంటే జెర్రీ యంగ్, వెస్లీ జేకబ్స్ కూర్చినది ఉంది. ఈ జేకబ్స్ వేరు, పైన చెప్పిన ఆర్నాల్డ్ జేకబ్స్ వేరు. పేరు చూసి పొరపడవద్దు.

ముప్పావు గంటలో ఇవన్నీ ఎలా అంటే, అన్నీ రోజూ కాదు. మొదటి ఎనిమిది నిమిషాలు పొడుగు స్వరాలు, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని. తరవాత ఏడు నిమిషాలు పిస్టన్ మార్చకుండా పెదాలతోనే మారే స్లర్లు: బి ఫ్లాట్, ఎఫ్, పై బి ఫ్లాట్, మళ్లీ కిందికి, అదే రెండో పిస్టన్‌తో, ఒకటో పిస్టన్‌తో, అలా ఏడు కలయికలూ. దీనికి పుస్తకం అక్కర్లేదు. పది నిమిషాలు స్కేళ్లు, గెచెల్ లేదా కోప్రాష్. మూడు నిమిషాలు వాద్యం దించి, నీళ్లు వదిలి, పెదాలకి విశ్రాంతి. మిగిలిన పదిహేడు బోర్డోన్యికి. పెదాలు అలసినట్టు అనిపిస్తే కోప్రాష్ వదిలేయండి, బోర్డోన్యి వదలొద్దు. బ్యాండ్ ఊరేగింపు ఉన్న రోజు పొడుగు స్వరాలు మెల్లగా ఐదు నిమిషాలు ఊది ఆపేయండి.

డబ్బు దగ్గర ఒక మాట. కోప్రాష్ అసలు హార్న్ ప్రతి, బోర్డోన్యి గాత్ర ప్రతులు, ఆర్బన్ పాత ప్రతి కాపీరైట్ కాలం ఎప్పుడో దాటినవి. ఐఎంఎస్‌ఎల్‌పి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. అయితే అవి ట్రెబుల్ క్లెఫ్‌లో, వేరే వాద్యం ఎత్తులో ఉంటాయి, మీకు నేరుగా పనికిరావు. మీరు డబ్బు పెట్టేది ట్యూబా కోసం దించి, క్లెఫ్ మార్చి, గుర్తులు సరిచూసిన పనికి; కాబట్టి బోర్డోన్యి ఒక్కటైనా కొని తెచ్చుకోవడమే నయం. స్థాయి గురించి ఇంకా అనుమానం ఉంటే ట్రినిటీ కాలేజ్ లండన్, ఏబీఆర్‌ఎస్‌ఎం అనే సంగీత పరీక్షల సంస్థల ట్యూబా సిలబస్‌లు వాళ్ల సైట్లలో ఉచితంగా ఉన్నాయి. పరీక్ష రాయకపోయినా ఏ పుస్తకంలో ఏ స్టడీని ఏ గ్రేడుకి పెట్టారో చూస్తే కొనేముందు మంచి అంచనా వస్తుంది.

కొన్న పుస్తకాన్ని సాధన కోసం పెద్దది చేసి ప్రింటు తీసుకుంటే ఎ4 కాగితం మీద తీయకండి. అమెరికన్ పుస్తకాల పేజీ తరచూ 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు. ఎ4 లో పట్టించాలంటే ఎనిమిది శాతం కుదించాలి. మామూలు స్వరాలకి అది తెలియదు, మన లెడ్జర్ గీతలకి తెలుస్తుంది: మూడో గీతా నాలుగో గీతా కలిసిపోయి ఎ ఏదో ఎఫ్ ఏదో స్టాండు దూరం నుంచి కనపడదు. ఎ3 లో తీసి, మూడు గీతలు దాటిన ప్రతి స్వరం కింద మొదటి వారం పెన్సిల్‌తో దాని పేరు రాసుకోండి. రెండో వారం చెరిపేయండి.

నాలుగో పిస్టన్ ఉన్న వాద్యం బ్యాండ్‌లో ఎప్పుడైనా మీ చేతికి వస్తే, అప్పుడు ఎఫ్‌కి నాలుగు, ఇ కి రెండూ నాలుగూ అని వేళ్లు మార్చుకుని బోర్డోన్యి మొదటి పది మళ్లీ వాయించండి. బ్లాజెవిచ్ ఆ తరవాత కొనండి.